ఫీజు లేని చదువు: న్యూయార్కు నగర విశ్వవిద్యాలయ చరిత్రము

పసిపిల్లలకు వచ్చు రక్తపు క్యాన్సరులలో ప్రధానమైనదానికి నేడు లోకమంతట జరుగుచున్న దీర్ఘకాలిక చికిత్సలో, ఒకదానితో నొకటి జతగా ఇచ్చు మందులు రెండు కలవు. అందు మెథోట్రెక్సేటు అనునది, భీమవరమున జన్మించిన మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు న్యూయార్కు రాష్ట్రమందలి లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధనల ఫలము. రెండవదియగు మెర్కాప్టోప్యూరిను, న్యూయార్కు నగరమున పుట్టి పెరిగిన గెర్ట్రూడ్ ఎలియన్ అను వనిత జార్జి హిచ్చింగ్సుతో కూడి రూపొందించినది. ఆ హిచ్చింగ్సు హార్వర్డులో పరిశోధన నేర్చుకొన్న కాలమున, అదే ప్రయోగశాలలో సుబ్బారావుగారును పనిచేయుచుండిరి. ఇంత దగ్గరగా వచ్చిన ఈ రెండు జీవితములను చదువునకు తీసికొనిపోయిన దారులు మాత్రము వేరు. మామగారి ధనమును, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థవారి సాయమును నమ్ముకొని సముద్రము దాటిన సుబ్బారావుగారు, బోస్టనులో రాత్రులు ఆసుపత్రి పనులు చేసి పొట్ట పోసికొనుచు చదివిరి. ఎలియన్ ఏ దాతనూ ఆశ్రయింపవలసిన అవసరము లేకపోయెను. ఆమె పుట్టిన నగరమే ఆమెకు చదువు చెప్పించెను.

ఆమె తండ్రి దంతవైద్యుడు. 1929లో షేరు మార్కెట్టు కూలినప్పుడు ఆయన ఆస్తి యావత్తు తుడిచిపెట్టుకొని పోయెను. నాలుగు సంవత్సరముల తరువాత, పదునైదేండ్ల ప్రాయమున ఉన్నత పాఠశాల ముగించిన ఆ బాలికకు, ప్రాణమువలె చూచుకొన్న తాతగారు క్యాన్సరుతో మరణించుట కన్నులార చూచిన దుఃఖమును, రసాయనశాస్త్రము చదువవలెనన్న పట్టుదలయు తప్ప మరి యేమియు మిగులలేదు. మంచి మార్కులు ఉండుటచేత నగరమువారి హంటర్ కళాశాలలో చోటు దొరకెను. అచ్చట విద్యార్థినులకు ఫీజు లేదు. 1937లో అత్యున్నత గౌరవముతో ఆమె పట్టభద్రురాలయ్యెను. హంటర్ కళాశాల ఉచితము కాకపోయినచో తనకు ఉన్నత విద్యయే లేకపోయెడిదేమో అని నోబెల్ బహుమతి పొందిన పిమ్మట ఆమెయే వ్రాసికొనెను. ఈ కథలో తరువాతి ఘట్టమును సాధారణముగా ఎవరును గట్టిగా చెప్పరు. నాకు అదియే ముఖ్యముగా తోచుచున్నది. పట్టము చేతికి వచ్చిన తరువాత పైచదువునకై ఆమె ఎన్నో విశ్వవిద్యాలయములకు దరఖాస్తులు పెట్టగా, ధనసహాయము చేయుదుమన్న సంస్థ ఒక్కటియు లేకపోయెను. బడిపంతులమ్మగా పనిచేయుచు, రాత్రులును సెలవుదినములును ప్రయోగశాలలో గడపి ఎం.యస్సీ. ముగించినది గాని, చదివి పొందు డాక్టరేటు పట్టము ఆమెకు ఎన్నడును రాలేదు. అనగా ఉచిత విద్య ఎంతవరకు నడిచెనో అంతవరకు ఆమె నిరాటంకముగా నడచెను. వెల కట్టవలసిన మెట్టు ఎదురైనంతనే అడుగు తడబడెను. 1988లో వైద్యశాస్త్రమున నోబెల్ బహుమతి పొందిన మేధకే ఆ గతి పట్టినప్పుడు, సామాన్య బుద్ధిగల లక్షలాది బిడ్డల మాట చెప్పనేల?

ప్రజల పన్నులతో నడచుచు, సామాన్యుడు భరింపగల ఫీజు మాత్రమే పుచ్చుకొను విశ్వవిద్యాలయము తన విద్యార్థుల జీవితమున ఎట్టి మార్పు కలిగించునన్న ప్రశ్నకు, ఊహలతో గాక అనుభవముతో సమాధానము చెప్పగల స్థలము లోకమున ఒకటి ఉన్నచో, అది, హంటర్ కళాశాల నేడు అంతర్భాగముగానున్న న్యూయార్కు నగర విశ్వవిద్యాలయము. దానికి నూట డెబ్బదియైదేండ్లకు పైబడిన చరిత్ర కలదు. అది ఉచితముగా నడచిన కాలమును, ఫీజు పుచ్చుకొన్న కాలమును, కొందరినే చేర్చుకొన్న కాలమును, అందరిని చేర్చుకొన్న కాలమును చూచినది. ఒకే ఊరిలో, ఒకే సంస్థలో ఇన్ని విధములుగా పరీక్షింపబడిన సిద్ధాంతము విద్యాచరిత్రలో అరుదు.

టౌన్‌సెండ్ హారిస్ అను వర్తకుడు, చిన్నతనముననే బడి మానవలసివచ్చి స్వయంకృషితో భాషలు నేర్చుకొన్నవాడు, 1840 దశకమున ఆ నగర విద్యామండలికి అధ్యక్షుడయ్యెను. ధనికుల బిడ్డలును దరిద్రుల బిడ్డలును ఒకే వరుసలో కూర్చుండి, శ్రమకును శీలమునకును మేధకును తప్ప మరి దేనికిని తారతమ్యము లేని కళాశాలను నగరమే స్థాపింపవలెనని ఆయన వాదించెను. పన్నులు పెరుగునన్న అభ్యంతరములు రాగా, 1847లో ప్రశ్న పౌరుల వోటునకే వదలిపెట్టబడెను. ఆ పౌరులు అత్యధిక సంఖ్యతో అంగీకరించిరి. 1849 జనవరిలో ‘ఫ్రీ అకాడమీ’ అను పేర తలుపులు తెరచిన ఆ విద్యాలయమే తరువాత సిటీ కాలేజీ ఆయెను. తమ బిడ్డ అందులో చదువునో చదువడో తెలియని వేలాది సామాన్యులు, ఇతరుల బిడ్డల ఉన్నత విద్యకు తాము పన్ను కట్టుదుమని చీటీ వేసి చెప్పిన ఆ దినమును నేను చిన్న విషయముగా భావింపను. 1870లో స్త్రీలకై వేరొక కళాశాల ఏర్పడెను. ఐర్లండునుండి వలస వచ్చిన థామస్ హంటర్ దానికి మొదటి అధ్యక్షుడు, తదనంతరము ఆయన పేరే దానికి పెట్టబడెను. 1907 ప్రాంతమున సిటీ కాలేజీ హార్లెం గుట్టపైనున్న క్రొత్త భవనములకు మారెను. నగరపు భూగర్భ రైలుమార్గమును త్రవ్వినప్పుడు వెలికివచ్చిన నల్లరాతితో ఆ గోడలు లేచినవి. తరువాత ఆ రైలులోనే, ఐదు సెంట్ల టిక్కెట్టుతో, కూలివారి బిడ్డలు ఆ రాతిగోడల మధ్యకు చదువ వచ్చుచుండిరి.

తూర్పు ఐరోపానుండి తరలివచ్చిన యూదు కుటుంబముల పిల్లలు వారిలో అధికులు. తండ్రులు దర్జీలు, తోపుడుబండ్లవారు, కార్ఖానా కూలీలు. ప్రఖ్యాతిగాంచిన ప్రైవేటు విశ్వవిద్యాలయములు పలువురు యూదులు చేరకుండ లోపాయికారీగా పరిమితులు విధించుకొన్న రోజులవి. ధనమును లేక, కులగౌరవమును లేక నిలిచిన ఆ బాలురకు సిటీ కాలేజీ ఒక్కటియే గతి. అందునుండి 1934లో జోనస్ సాక్ వెలువడెను. పోలియో టీకా ఫలించినదని 1955 ఏప్రిల్ 12న లోకమునకు తెలిసినప్పుడు తల్లులు వీథులలో కన్నీరు కార్చిరి. 1937లో ఒక్క తరగతినుండియే ఆర్థర్ కార్న్‌బర్గ్, హెర్బర్ట్ హాప్ట్‌మన్, జెరోమ్ కార్ల్ అను మువ్వురు వెడలివచ్చి, కాలక్రమమున నోబెల్ బహుమతులు పొందిరి. అదే సంవత్సరము హంటరునుండి ఎలియన్ వచ్చినది గదా. ఒక్క నగరము, ఒక్క సంవత్సరము, ఫీజు లేని రెండు కళాశాలలు, నలుగురు నోబెల్ గ్రహీతలు. సిటీ కాలేజీ పట్టభద్రులలో మొత్తము పదిమందికి ఆ బహుమతి లభించెను.

ఈ పేరుల పట్టికను చదివి పరవశించుట సులభము. పట్టిక వెనుకనున్న రహస్యము వేరు. ఆ విద్యార్థులు వసతిగృహములలో ఉండలేదు. ఇంట తినిరి, ఇంట పడుకొనిరి, పగలో రాత్రియో దుకాణములలో పనిచేసిరి. భోజనశాలలోని గూళ్లవంటి మూలలలో రొట్టెముక్కలు కొరుకుచు, సామ్యవాదమును గూర్చియు రష్యాను గూర్చియు గంటలకొలది వాదించుకొనిరి. డేనియల్ బెల్, ఇర్వింగ్ హౌ, నేథన్ గ్లేజర్ వంటి భావుకులు తరగతులలో నేర్చినదానికంటె ఆ మూలలలో నేర్చినదే యెక్కువ యని తరువాతివారు చెప్పుదురు. తనవంటి దరిద్రుడే, తనకంటె తెలివిగలవాడు, ప్రక్క బల్లమీద కూర్చుండియున్నాడన్న ఎరుక యువకుని మనస్సునకు పెట్టు పదును ఏ గ్రంథాలయమును పెట్టజాలదు. తక్కువ ఫీజు విశ్వవిద్యాలయము చేయు మేలు ధనము మిగుల్చుటతో ముగిసిపోదు. ఊరంతటిలోని చురుకైన పేద బిడ్డలనందరిని ఒక్కచోట చేర్చి, ఒకరికొకరిని చూపించును.

రోజలిన్ యాలో విషయము చూడుడు. బ్రాంక్సులో పుట్టిన ఆమె బడిపంతులమ్మ కావలెనని తల్లి కోరిక. హంటరులో భౌతికశాస్త్రమునందు ఆమె ఆసక్తిని గుర్తించి అధ్యాపకులు ప్రోత్సహించిరి. ఆ కళాశాలలో భౌతికశాస్త్రమును ప్రధాన విషయముగా తీసికొని 1941లో పట్టభద్రురాలైన మొదటి విద్యార్థిని ఆమెయే. స్త్రీకి, అందులోను యూదు స్త్రీకి, పరిశోధనలో చోటెక్కడిదని, షార్టుహ్యాండు నేర్చుకొని ఒక ఆచార్యుని వద్ద కార్యదర్శిగా చేరుటకు ఆమె సిద్ధపడుచుండగా ఇల్లినాయి విశ్వవిద్యాలయమునుండి పిలుపు వచ్చెను. అచ్చటి ఇంజనీరింగు విభాగమున 400 మంది సభ్యులలో ఆమె యొక్కతెయే స్త్రీ. రక్తములో అత్యల్పముగానుండు హార్మోనులను కొలుచు పద్ధతిని తరువాత సాలమన్ బెర్సనుతో కలిసి కనిపెట్టి, ఆ పద్ధతిపై పేటెంటు పుచ్చుకొనక లోకమునకు వదలివేసి, 1977లో నోబెల్ బహుమతి పొందెను. సాక్ కూడ తన టీకాపై పేటెంటు తీసికొనలేదు. ప్రజల సొమ్ముతో చదివినవారందరును ఇట్లే ప్రవర్తింతురని నేననను. అయినను ఈ ఇరువురు చూపిన ఔదార్యమును, వారు చదివిన చదువు వచ్చిన త్రోవను ప్రక్కప్రక్కన పెట్టి చూడకుండ ఉండలేను.

నోబెల్ బహుమతులవలె వెలుగని విజయములే ఎక్కువ, అవియే సంఘమునకు ముఖ్యము. జమైకానుండి వచ్చిన దంపతుల కుమారుడు కాలిన్ పవెల్ 1954లో రెండు విశ్వవిద్యాలయములలో సీటు సంపాదించెను: న్యూయార్కు యూనివర్సిటీ అను ప్రైవేటు సంస్థలో ఏడాదికి 750 డాలర్లు, సిటీ కాలేజీలో 10 డాలర్లు. నిర్ణయము లెక్కలు చేయకుండగనే తేలిపోయెను. అతడు మంచి విద్యార్థి కాడు. ఇంజనీరింగు వదలి భూగర్భశాస్త్రమునకు మారి, మధ్యరకపు మార్కులతో 1958లో బయటపడెను. అచ్చటి సైనిక శిక్షణ దళములో మాత్రము తన్ను తాను కనుగొని, సేనాధిపతులకు అధ్యక్షుడును, పిమ్మట అమెరికా విదేశాంగ మంత్రియు అయ్యెను. ఏడాదికి 750 డాలర్లు అప్పుచేసి చదివిన కుర్రవాడు మధ్యరకపు మార్కులు తెచ్చుకొనుచు దారి వెదకుకొనుటకు ధైర్యము చేయగలడా? తొట్రుపడుటకును, విషయము మార్చుకొనుటకును, ఆలస్యముగా వికసించుటకును తావిచ్చుట తక్కువ ఫీజులోని మహాగుణమని నా నమ్మకము. ధనికుల బిడ్డలకు ఆ సౌకర్యము పుట్టుకతోనే వచ్చును.

ఈ చరిత్రకు మచ్చలు లేకపోలేదు. ఉచితమైనను చాలకాలము ఆ విద్య అందరిదియు కాలేదు. ప్రవేశమునకు కావలసిన మార్కులు ఏటేట పెరుగుచుండుటచేత, చెడిపోయిన బడులలో చదివిన నల్లజాతి పిల్లలకును, పోర్టోరికోనుండి వచ్చినవారి పిల్లలకును ఆ తలుపులు మూసికొనియే ఉండెను. హార్లెం గుట్టపైన కళాశాల, గుట్ట క్రింద హార్లెం; నడుమ మెట్లు మాత్రమే ఉన్నను, ఎక్కి వచ్చినవారు స్వల్పము. 1961లో నగరమందలి ప్రభుత్వ కళాశాలలన్నియు ఒక్క విశ్వవిద్యాలయముగా కూర్చబడెను. 1969 వసంతమున నల్లజాతి, పోర్టోరికో విద్యార్థులు సిటీ కాలేజీలో కొంత భాగమును ఆక్రమించి కూర్చుండగా, 1970నుండి నగరములో ఉన్నత పాఠశాల ముగించిన ప్రతి బిడ్డకును విశ్వవిద్యాలయమున ఏదో యొక కళాశాలలో చోటు ఇచ్చు విధానము అమలులోనికి వచ్చెను. ఆ ఒక్క సంవత్సరమున 35,000 మంది క్రొత్త విద్యార్థులు వచ్చిపడిరి. గదులు చాలలేదు, ఉపాధ్యాయులు చాలలేదు. వచ్చినవారిలో అనేకులకు చదువుట వ్రాయుట మరల నేర్పవలసివచ్చెను. ప్రమాణములు మంటగలిసెనని పెద్దలు గగ్గోలు పెట్టిరి. ఆపైన నగరము దివాలా అంచునకు చేరెను. 1976లో జీతములిచ్చుటకు సొమ్ము లేక విశ్వవిద్యాలయము రెండు వారములు మూతపడి, తెరచునప్పటికి నూట ఇరువదియేడేండ్ల ఉచిత విద్య ముగిసిపోయి ఫీజు వచ్చి కూర్చుండెను. తెల్లవారి బిడ్డలు చదివినంతకాలము ఉచితముగానుండిన విద్య, నల్లవారి బిడ్డలు గుట్ట యెక్కివచ్చిన ఆరేండ్లకే ఫీజు విద్య అగుటను చూచి ఆ ప్రజలు పడిన ఆవేదన న్యాయమైనది.

మరి ఆ 1970ల నాటి పిల్లలేమైరి? పాల్ అటువెల్, డేవిడ్ లావిన్ అను ఇరువురు సామాజికశాస్త్రజ్ఞులు, 1970–72 మధ్య చేరిన విద్యార్థినులను సుమారు ముప్పదియేండ్ల తరువాత వెదకి పట్టుకొని విచారించిరి. వారి గ్రంథము 2007లో వెలువడెను. నాలుగేండ్లకో ఆరేండ్లకో లెక్కించినప్పుడు పలువురు విఫలులుగా కనబడిన ఆ స్త్రీలలో, పెండ్లియై, పిల్లలను కని, ఉద్యోగములు చేసి, మరల మరల కళాశాలకు తిరిగివచ్చి, చివరకు నూటికి డెబ్బదిమందికి పైగా ఏదో యొక పట్టము సంపాదించిరి. అంతకంటె గొప్ప విషయము మరియొకటి బయటపడెను. తల్లి చదివిన ఇండ్లలో పుస్తకములు పెరిగినవి, పిల్లల చదువుపై మాటలు పెరిగినవి. ఆ పిల్లలు తమవంటి ఇతర కుటుంబముల పిల్లలకంటె చదువులో ముందుకు పోయిరి. విశ్వవిద్యాలయపు ఫలితమును పట్టభద్రుని మొదటి జీతముతో కొలుచుట ఎంత పొరపాటో ఈ పరిశోధన చెప్పుచున్నది. పంట ఒక్కొక్కప్పుడు రెండవ తరమున ఇంటికి వచ్చును.

2017లో అర్థశాస్త్రజ్ఞుడు రాజ్ చెట్టియు, ఆయన సహచరులును ప్రకటించిన పరిశోధన ఈ ప్రశ్నకు అమెరికా యంతటికిని లెక్క కట్టెను. మూడు కోట్లకు పైబడిన విద్యార్థుల విషయమున, పేరులు తెలియనీయని పన్ను పత్రములనుండి, తల్లిదండ్రుల ఆదాయమును, ఆ బిడ్డలు పెరిగి ముప్పదియేండ్లు దాటిన తరువాత ఆర్జించిన ఆదాయమును పోల్చి చూచిరి. దేశమందలి కుటుంబములను ఆదాయమును బట్టి ఐదు సమభాగములు చేసినచో, అట్టడుగు భాగమునుండి వచ్చి పైభాగమునకు చేరిన విద్యార్థులు ఒక్కొక్క కళాశాలలో నూటికి ఎందరు? హార్వర్డు, ప్రిన్స్‌టన్ మొదలగు అత్యున్నత ప్రైవేటు విద్యాలయములలో సగటున 2.2. న్యూయార్కు నగర విశ్వవిద్యాలయమున 7.2. లాస్ ఏంజెలెసులోని కాలిఫోర్నియా రాష్ట్ర విశ్వవిద్యాలయమున 9.9.

ఇది హార్వర్డులో చదువు చెడ్డదనుట కాదు. అట్టడుగునుండి అచ్చటికి చేరిన పేద బిడ్డ పైకెగబ్రాకుట దాదాపు నూటికి అరువదిపాళ్లు నిశ్చయము, చేరునదియే అరుదు. ఆ విద్యాలయములలో అట్టడుగు ఐదవ భాగమునుండి వచ్చినవారు నూటికి నలుగురైనను లేరు. దేశమున నూటికి ఒక్కరుగానుండు మహాధనికుల బిడ్డలు మాత్రము పదునలుగురికి పైబడి ఉన్నారు. ఎందరిని లోనికి రానిచ్చిరి, రానిచ్చినవారిలో ఎందరిని పైకి తెచ్చిరి అను రెండు సంఖ్యలను గుణించినప్పుడే సంస్థ సంఘమునకు చేసిన ఉపకారము తెలియును. ఈ లెక్కలను పరిశీలించి, ఐవీ లీగు అనబడు హార్వర్డు మొదలగు ఎనిమిది విద్యాలయములును వానికి తోడు డ్యూకు, ఎం.ఐ.టి., స్టాన్‌ఫర్డు, షికాగోలును కలిసి పైకి తెచ్చిన పేద బిడ్డలకు దాదాపు ఆరురెట్ల మందిని న్యూయార్కు నగర విశ్వవిద్యాలయమొక్కటియే మధ్యతరగతికో, అంతకు మించియో చేర్చెనని ఒక ప్రసిద్ధ పత్రికారచయిత చూపెను. ఒకే కళాశాలలో చదివిన ధనికుని బిడ్డకును పేద బిడ్డకును తరువాతి ఆదాయమున పెద్ద భేదము లేదని కూడ ఆ పరిశోధనలో తేలినది. లోనికి రాగలిగినచో పేదవాడు వెనుకబడుట లేదు. అయితే, పేదలను ఎక్కువగా పైకి తెచ్చుచున్న కళాశాలలలోనే 2000 తరువాత పేద విద్యార్థుల పాలు తగ్గుచువచ్చెనని కూడ ఆ పత్రమే హెచ్చరించుచున్నది.

తెలివిగలవారు ఎచ్చట చదివినను పైకి రాకపోదురా, ఇందు విశ్వవిద్యాలయము చేసినదేమి యని సందేహింపవచ్చును. ఆ సందేహమునకు సేత్ జిమ్మర్‌మన్ అను అర్థశాస్త్రజ్ఞుడు ఫ్లోరిడాలో సమాధానము వెదకెను. అచ్చటి ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో ప్రవేశమునకు కనీసపు మార్కుల హద్దు కలదు. హద్దునకు వెంట్రుకవాసి పైనున్నవారును, వెంట్రుకవాసి క్రిందనున్నవారును తెలివిలో సమానులే. ఒకరికి సీటు దొరకెను, ఒకరికి దొరకలేదు. ఏండ్లు గడచిన తరువాత చూడగా, సీటు దొరకినవారి ఆదాయము దొరకనివారికంటె నూటికి 22 పాళ్లు హెచ్చుగానుండెను. ఇవి మొదటి ర్యాంకుల కథలు కావు. బొటాబొటిగా గట్టెక్కిన విద్యార్థుల కథలు. చదువు వారిని మార్చినది.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి ఫీజు తగ్గించినచాలు, తక్కినదంతయు తానై జరుగునని తలచుట తగదు. రెండేండ్ల పట్టమిచ్చు కమ్యూనిటీ కళాశాలలు ఆ విశ్వవిద్యాలయములో ఏడు కలవు. అందు ఫీజు చాల తక్కువ, పేదలకు అదియు ప్రభుత్వ సహాయముచే చెల్లిపోవును. అయినను చేరినవారిలో అధికసంఖ్యాకులు మూడేండ్లు గడచినను పట్టము లేకయే ఉండిరి. ఎందువలన? తరగతికి వచ్చుటకు రైలు కూలి లేదు. పాఠ్యపుస్తకము వెల రెండు వారముల కూరగాయల ఖర్చు. ఏ విషయము తీసికొన్నచో ఏ దారి తెరచుకొనునో చెప్పువారు లేరు. సలహాదారుడున్నచో అతనికి వందలకొలది విద్యార్థులు. చిన్నవిగా కనబడు ఈ ఆటంకములే చదువును మింగివేయుచున్నవని గ్రహించి, 2007లో అచ్చటివారు ‘ఏశాప్’ అను పథకమును ప్రారంభించిరి. విద్యార్థి పూర్తికాలము చదువవలెను. అందులకు ప్రతిగా అతనికి మిగిలిన ఫీజు మాఫీ, పుస్తకములు ఉచితము, నగరపు రైళ్లలోను బస్సులలోను తిరుగుటకు పాసు ఉచితము, తరచుగా కలిసి మాటలాడుటకు కొద్దిమందినే చూచుకొను ఒక సలహాదారుడు.

ఫలితమును మరియొక స్వతంత్ర సంస్థ చీట్లు వేసి పరీక్షించెను. సుమారు 900 మంది విద్యార్థులలో సగముమందిని చీటీతో ఎంచి పథకమున చేర్చి, తక్కినవారిని మామూలుగా చదువనిచ్చిరి. మూడేండ్ల తరువాత మామూలువారిలో నూటికి 22 మందియు, పథకమువారిలో నూటికి 40 మందియు పట్టము పొందిరి. అమెరికా ఉన్నత విద్యలో ఇంతటి భేదమును చూపిన పరీక్షలు బహుస్వల్పము. ఒక్కొక్క విద్యార్థికైన వ్యయము పెరిగినను, పట్టము ముగించినవారు దాదాపు రెట్టింపైనందున, ఒక్కొక్క పట్టమునకైన వ్యయము తగ్గెను. ఒహాయో రాష్ట్రములో మూడు కళాశాలలు ఇదే పద్ధతిని అనుసరించి ఇట్టి ఫలితమునే సాధించినవి. చవకగా ఏర్పరచి చవకగా వదలివేసిన విద్య, చివరకు ఖరీదైన విద్యయే యగుచున్నది.

నేడు ఆ విశ్వవిద్యాలయములో సుమారు 25 విద్యాలయములున్నవి. న్యూయార్కు నివాసికి నాలుగేండ్ల కళాశాలలలో ఏడాది ఫీజు 7,000 డాలర్లకు లోపు. అదే నగరమందలి కొలంబియా విశ్వవిద్యాలయమున 60,000 డాలర్లకు మించును. కేంద్ర, రాష్ట్ర సహాయములు కలిసిరాగా, పట్టవిద్యార్థులలో సగముకంటె అధికులు ఫీజు క్రింద చేతిసొమ్ము కట్టకయే చదువుచున్నారు. అధికసంఖ్యాకులు అప్పు లేకయే బయటపడుచున్నారు. అప్పు లేని పట్టభద్రునకు గల స్వేచ్ఛ అప్పున్న పట్టభద్రునకు లేదు. వాడు ఉపాధ్యాయుడు కావచ్చును, పరిశోధన చేయవచ్చును, చిన్న జీతముతో ఇష్టమైన పనిలో చేరి వేచియుండవచ్చును. అప్పున్నవాడు మొదట ఎదురైన జీతమునకు తల యొగ్గవలెను. ఇల్లు తాకట్టు పెట్టి, ముప్పది నలుబది లక్షలు అప్పుచేసి ఆ దేశమునకే బయలుదేరుచున్న మన తెలుగు యువకులకు ఈ మాట నేను వివరింపనక్కరలేదు. పరదేశి విద్యార్థులకు అచ్చటి ప్రభుత్వ విశ్వవిద్యాలయములును ఎక్కువ ఫీజే విధించును. అచ్చటివారి బిడ్డలకున్న తక్కువ ఫీజు మనవారికి లేదు.

మన బిడ్డలకు తక్కువ ఫీజు ఉన్నది మన విశ్వవిద్యాలయములలోనే. 1918లో ఉస్మానియా, 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసినవి. పల్లెటూరి రైతుల బిడ్డలు, బడిపంతుళ్ల బిడ్డలు వీని హాస్టళ్లలో పప్పన్నము తిని చదివి, న్యాయమూర్తులు, శాస్త్రజ్ఞులు, కవులు, మంత్రులు అయిరి. 2008 ప్రాంతమున వచ్చిన ఫీజు రీయింబర్సుమెంటు పథకము లక్షలాది పేద బిడ్డలకు ఇంజనీరింగు తలుపులు తెరచినది. ఆ మేలును కాదనను. కాని ఆ సొమ్ములో పెద్ద భాగము ప్రైవేటు కళాశాలలకు పోవుచుండగా, ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో పదవీవిరమణ చేసిన ఆచార్యుల స్థానములు ఏండ్ల తరబడి ఖాళీగానే ఉండిపోయినవి. ఆ కాలముననే నూజివీడు, బాసర, ఇడుపులపాయలలో పదవ తరగతి ముగించిన గ్రామీణ బాలబాలికలకై వసతి, భోజనము, కంప్యూటరు సహితముగా నెలకొల్పిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము న్యూయార్కువారు కనుగొన్న సూత్రమునకు మన దేశములో చాల దగ్గరగా వచ్చినది. దానికి సైతము అధ్యాపకులను, మంచి భోజనమును, పట్టించుకొను పెద్దలను కొరత లేక సమకూర్చినప్పుడే ఆ సూత్రము ఫలించును.

ఉస్మానియాలోనో, వాల్తేరులోనో, తిరుపతిలోనో ఏడాదికి కొద్ది రూపాయలు కట్టి చదివి నేడు స్థితిమంతులైన పాఠకులు ఈ పత్రికకు ఎందరో ఉన్నారు. బుడాపెస్టునుండి చేతిలో ఏమియు లేక పారిపోయి వచ్చి, సిటీ కాలేజీలో 1960లో ఇంజనీరింగు పట్టము పొంది, ఇంటెల్ కంపెనీని నడిపిన ఆండ్రూ గ్రోవ్, 2005లో ఆ కళాశాలకు రెండు కోట్ల అరువది లక్షల డాలర్లు ఇచ్చెను. అంత ఇచ్చుట అందరివలన కాదు. మీరు చదివిన విభాగమునకు ఒకసారి పోయి, ఎన్ని ఆచార్య పదవులు ఖాళీగా ఉన్నవో, హాస్టలులో ఈ నెల భోజనమెట్లున్నదో, బస్సు పాసునకు సొమ్ము లేక మానివేసినవారెందరో అడిగి తెలిసికొనుడు. తెలిసినదానిని మీ శాసనసభ్యునికి వ్రాయుడు. ఈ పిల్లల పక్షమున అడుగువారు లేకపోవుటచేతనే బడ్జెటులో వారి పద్దు ప్రతియేడును చివరకు పోవుచున్నది.